కంటికొక నందివర్ధనం

అందరూ కులాసాయేనా? ఒక్కొక్కరినీ అడగకుండా మాట మొదలుపెట్టడం నాకు చేతకాదు. గోపాలపట్నం నుంచి వచ్చే అక్కచెల్లెళ్లిద్దరూ ఎలా ఉన్నారు? పెద్దదానికి మోకాలి వాపు దిగిందా? చిన్నదానికి థైరాయిడ్ మాత్ర పరగడుపునే వేసుకోవడం అలవాటైందా, ఇంకా టిఫిన్ తిన్నాకే వేసుకుంటోందా? రైలు గేటు అవతల ఉండే టైలరమ్మా, మీ ఆయన దగ్గు సంగతేమిటి, ఎక్స్‌రే తీయించారా? పోర్టులో బొగ్గు పొడి పీల్చిన ఛాతీ అది, చల్లగాలి తగిలిందనుకుని ఊరుకోకండి. పాస్టరమ్మగారికి బీపీ అదుపులో ఉందా? సీతమ్మధారలో షాపు పెట్టుకున్న అమ్మాయీ, నీ నడుము ఎలా ఉంది? రోజంతా ఆ కంప్యూటర్ కుట్టు మిషన్ ముందు నిలబడే ఉంటావట. నా సంగతి అడిగితే బాగానే ఉన్నాను. చెవిలో హోరు, అరికాళ్లలో మంట, అంతే.

మా వదిన పోయింది. ఇందాకటి నుంచి ఆ మాట రాయలేక మీ ఆరోగ్యాలు అడుగుతున్నాను. మీ అందరికీ కుట్టు టీచరమ్మ, మా ఆయనకి పెద్దక్క, నాకు వదిన. పోయిన నెలలో ఒక పొద్దున్న కోడలు కాఫీ తీసుకెళ్తే లేవలేదు. రాత్రి గుండె ఆగిందన్నారు. ప్రభువునందు నిద్రించిందని పాస్టరుగారు చెప్పారు. నిద్రలోనే పోవడం అదృష్టమని వచ్చినవాళ్లంతా అన్నారు. నాకలా అనిపించలేదు. ఆమె నాకు ఒక మాట చెప్పాల్సి ఉంది. చెప్పకుండా పోయింది.

మన చర్చి స్త్రీల సమాజం పత్రికలో ఆమె గురించి నాలుగు ముక్కలు రాయమని పాస్టరమ్మగారు నన్నే అడిగారు. నేను ఐదో తరగతితో ఆపేసినదాన్ని. తప్పులు తాను దిద్దుతానన్నారు కాబట్టి రాస్తున్నాను. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. ఆ మంచంతా ఆమె పోయాక ఇంట్లో పెట్టిన ఆదరణ కూడికలో అందరూ లేచి చెప్పేశారు. నా దగ్గర మిగిలింది కొంచెం చేదుగా ఉంటుంది.

నా భయాలు మీకు తెలిసినవే. ఆమె షుగరుకి భయపడ్డాను. ఆమె కళ్లకి భయపడ్డాను. మిషన్ మోటారు వైరు పైతొడుగు చిరిగి రాగి కనిపిస్తోందని, స్నానాల గది గుమ్మం దగ్గర పాచి పట్టిందని, రాత్రి గ్యాసు కట్టడం మరిచిపోతోందని భయపడ్డాను. గుండెకి మాత్రం భయపడలేదు. మెట్లెక్కితే నాకు ఆయాసం వచ్చేది గానీ ఆమెకి వచ్చేది కాదు. నేను కాపలా లేని చోటు చూసుకుని వచ్చింది చావు.

కంచరపాలెంలో రైలు లైను పక్కన ఆమె ముందు గది మీరెవరూ మరిచిపోయి ఉండరు. కిటికీ కింద రెండు మిషన్లు, ఎదురుగా సున్నం వేసిన తెల్ల గోడ. ఆ గోడ మీద ఈ చివర మేకు నుంచి ఆ చివర మేకుకి తాడు, తాడుకి బట్టల క్లిప్పులు, క్లిప్పులకి అరచెయ్యంత గుడ్డ ముక్కలు. ప్రతి ముక్క మీదా ఒక కుట్టు, ఒక రంగు. కొత్తగా వచ్చిన వాళ్లకి ఆ ముక్కలు ఎందుకో అర్థమయ్యేది కాదు. అమ్మేవి కావు, తొడుక్కునేవి కావు. ఒకసారి చేపల గంప దించి మంచినీళ్లు అడిగిన పెద్దమ్మ ఆ తాడు చూసి, మేం సేపలు ఎండబెట్టినట్టు నువ్వు గుడ్డలు ఎండబెట్టినావేటమ్మా అని నవ్వింది. వదిన సూదిలోంచి కళ్లెత్తకుండా, "సేపలే ఇవి. కొనుక్కుంటావేటి?" అంది.

నేను ఆ గదిలో శిష్యురాలిని కాను, పనిమనిషినీ కాను. బాబిన్లు చుట్టేదాన్ని, చీరలకి ఫాల్స్ కుట్టేదాన్ని, ఇస్త్రీ చేసేదాన్ని. మా ఆయన పోర్టుకి వెళ్లగానే వంట ముగించి వచ్చేసేదాన్ని, సాయంత్రం ఆయన వచ్చే వేళకి వెళ్లిపోయేదాన్ని. ఏళ్లు అలాగే గడిచాయి. ఆయన రిటైరైనా నా అలవాటు పోలేదు.

బ్లౌజుల మీద పువ్వులు కుట్టడం ఎవరైనా నేర్పుతారు. మిషన్‌కి గుడ్డని నొక్కే ఫుట్ ఊడదీసి, గుడ్డని ఫ్రేములో బిగించి, చేత్తో ఫ్రేము తిప్పుతూ కుట్టడం నెల రోజుల్లో వస్తుంది. మా వదిన పిచ్చి వేరు. ఒకే ఎర్ర రీలు తీసుకుని ఒకే కొలతలో నాలుగు చదరాలు కుట్టేది. ఒకటి తెల్ల గుడ్డ మీద, ఒకటి ఆకుపచ్చ మీద, ఒకటి నల్లటి దాని మీద, ఒకటి ఇటుక రంగు మీద. నాలుగూ తాడుకి తగిలించి ఏది ఎక్కువ ఎరుపో చెప్పమనేది. ఒకరు ఒకటి చెబితే ఇంకొకరు ఇంకొకటి చెప్పేవారు. ఇటుక రంగు మీదిది వేరే రీలు అని నేను ఒట్టు పెట్టుకున్నాను కూడా. అందరినీ వాదించుకోనిచ్చి చివరికి రీలు బల్ల మీద పెట్టేది.

"రీలు ఒకటేనే. పక్కనున్నదాన్ని బట్టి దాని బతుకు," అనేది.

ఈ మాట గుర్తు పెట్టుకోండి. తర్వాత దీనితో పని ఉంది.

ఇంకోసారి ఒకే సూదిలో రెండు దారాలు ఎక్కించింది, నీలం ఒకటి, పసుపు ఒకటి. కొంచెం పల్చగా కుట్టి తాడుకి కట్టి, మమ్మల్ని వీధి దాటి రైలు కంచె దగ్గరికి వెళ్లి చూడమంది. అక్కడి నుంచి చూస్తే ముక్క ఆకుపచ్చగా ఉంది. దగ్గరికి వస్తే నీలమూ పసుపూ. మళ్లీ వెళ్తే ఆకుపచ్చ. మిగతావాళ్లంతా చప్పట్లు కొట్టారు. నేను మాత్రం ఇంటికి పోయి మా ఆయనతో నాకు చూపు తేడా చేసిందని చెప్పి ఆయన ముద్ద మింగకుండా చేశాను.

గూడ్స్ బండి వచ్చినప్పటి సంగతి కూడా చెప్పాలి. ఆ బండి వస్తే నేల అదిరి ఫ్రేము కదులుతుంది, సూది తప్పుతుంది. అందుకని బండి పోయేదాకా అందరూ పెడల్ మీంచి కాలు తీసేయాలన్నది ఆమె నియమం. కాలు తీశాం కదా అని కబుర్లు చెప్పుకోనిచ్చేది కాదు. ఎర్ర చదరం ఉన్న ముక్క ఒళ్లో పెట్టుకుని బండి ఆఖరి పెట్టె దాటేదాకా రెప్ప వేయకుండా దాన్నే చూడమనేది. తర్వాత చటుక్కున తలెత్తి తెల్ల గోడ చూడమనేది. గోడ మీద ఆకుపచ్చ చదరం తేలుతూ కనిపించేది. రంగు కొట్టినట్టు ఉండదు, గోడకి అంటినట్టు ఉండదు, ఊరికే తేలుతూ ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు రెండు కళ్లూ నులుముకున్నాను.

"వదినా, నా కళ్లు పోనాయి," అన్నాను.

"పోలేదు. అలిసిపోనాయి. ఒక్క రంగే సూసి సూసి అలిసిపోయిన కన్ను తనకి లేని రంగుని ఎతుక్కుంటాది. కాసేపుంటే అదే పోతాది, కూకో."

ఇలాంటి మాటలు అన్నంత మాత్రాన ఆమె మెత్తని మనిషి అనుకోకండి. మీకు తెలుసు, తెలియనట్టు కూడికలో మాట్లాడారు. నచ్చని పువ్వుని అందరి ముందూ బ్లేడుతో విప్పేసేది. గోపాలపట్నం చిన్నదాన్ని ఎన్నిసార్లు ఏడిపించిందో దానికే తెలుసు. బాగుంది అన్న మాట ఆమె నోట నేను వినలేదు. బాగుంటే పక్క ముక్కకి వెళ్లిపోయేది, అదే మెచ్చుకోలు. నాకు అనుమానం అని పేరు పెట్టింది. అనుమానం వచ్చిందా, అనుమానం భోంచేసిందా అని అడిగేది. అందరూ నవ్వేవారు, నేనూ నవ్వేదాన్ని. పేరు పెట్టింది కదా, ఇక నేనేం చెప్పినా అది ఆ పేరులో పడిపోయేది.

ఆమె చూపు మారడం ముందు చూసింది నేనే. దారం ఎక్కించడానికి వరండాలోకి వెళ్లడం మొదలుపెట్టింది. బల్బులు బాగోలేవంది, రెండుసార్లు మార్పించింది. తర్వాత తప్పు దారాల కంపెనీ మీదికి పోయింది. ఈ మధ్య నీలాలు చచ్చిపోయినట్టు వస్తున్నాయని, మోసం చేస్తున్నారని తిట్టేది. నీలాలు ఎప్పటిలాగే ఉన్నాయి. నేను చెప్పాను. కంటి డాక్టరుకి చూపిద్దామన్నాను. ఈగ వాలినా డాక్టరంటావు అని కసిరింది.

మా అమ్మ కళ్లు మండితే నందివర్ధనం పువ్వు తడిపి రెప్పల మీద పెట్టేది. చర్చి ప్రహరీ పక్కన ఆ చెట్టు ఉంది కదా, పొద్దున్నే నాలుగు పువ్వులు కోసి తడిగుడ్డలో చుట్టి తీసుకెళ్లేదాన్ని. ఒక్క పూటైనా పెట్టుకోలేదు. కళ్ల మీద పువ్వులేసి పడుకోబెట్టడానికి నానింకా పోలేదే మరదలా అనేది. పువ్వుల్ని మాత్రం పారేసేది కాదు. స్టీలు గ్లాసులో నీళ్లు పోసి మిషన్ పక్కన పెట్టుకునేది.

ఆ తర్వాత తెల్ల చీర వచ్చింది. ఎవరి పెళ్లో రాయను, మీకు తెలుసు. పెళ్లికూతురి చీర, తెలుపు మీద తెలుపు, అంచు పొడవునా లిల్లీ పువ్వులు కుట్టమన్నారు. వదిన రీళ్ల డబ్బాలోంచి ఒకటి తీసి మిషన్ మీద పెట్టింది. అది తెలుపు కాదు, వెన్న రంగు. నేను బాబిను చుడుతూ చూశాను.

"వదినా, ఆ రీలు తెలుపు కాదే," అన్నాను.

"ఓలమ్మా, అనుమానం వచ్చీసినాది," అంది.

"ఎండలోకి తెచ్చి సూడు. నీ కాళ్లు పట్టుకుంతాను."

"నాను కుట్టు నేర్చుకున్నప్పుడు నువ్వు లంగా కట్టుకుని తిరుగుతన్నావు. బాబిను సుట్టు."

చుట్టాను. చీర అంతా కుట్టింది. కుట్టు గురించి వంక పెట్టడానికి లేదు. ఆ రేకులు తిరిగిన తీరు, ఒక వైపు నుంచి చూస్తే వెలుగు, ఇంకో వైపు నుంచి చూస్తే నీడ, ఆ చెయ్యి ఇంకెవరికీ లేదు. కానీ గది దాటి ఎండలోకి వెళ్తే పాల మీద పసుపు నీళ్లు చిలికినట్టు ఉంది. పెళ్లివారు ఆమెని ఒక్క మాట అనలేదు. చీర తీసుకున్నారు, దండం పెట్టారు. పెళ్లిలో ఆ పిల్ల వేరే చీర కట్టుకుంది. వదిన గమనించి అడిగితే చీర నలిగిపోయిందని ఏదో చెప్పారు. తర్వాత పెళ్లి చీరలు రావడం ఆగిపోయింది. ఆ తర్వాత బ్లౌజులూ తగ్గాయి. పేటలో అందరికీ తెలుసు, ఆమెకి తప్ప. గౌరవం కొద్దీ ఊరుకున్నామని ఇప్పుడు అంటున్నారు. అది గౌరవమైతే నాకు వద్దు. నేను పోయేలోపు నా మొహం మీద ఎవరైనా నిజం చెప్పండి.

చివరికి వీధిలో ఆటో కనిపించక దాదాపు దాని కిందకి వెళ్లబోయాక కొడుకు గట్టిగా పట్టుబట్టి కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాడు. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరిపోయాయన్నారు. ముందు కుడి కన్ను చేశారు. కట్టు విప్పి, నల్ల కళ్లద్దాలు మానేసి, మొదటిసారి ముందు గదిలోకి వచ్చిన రోజు నేనక్కడే ఉన్నాను. కిటికీ చూసింది, గోడ చూసింది. గోడ ఇంత నీలంగా ఉందేమిటి, ఎవరు నీలిమందు కలిపారని అడిగింది. ఎవరూ కలపలేదు. కొత్త కంటికి తెలుపు అలా కనిపిస్తుందని డాక్టరు చెప్పారట. తర్వాత రీళ్ల డబ్బా తెరిచింది. లిల్లీ పువ్వుల రీలు సగం మిగిలి ఉంది. అది పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది. ఎడమ కన్ను చేత్తో మూసుకుని చూసింది. కుడి కన్ను మూసుకుని చూసింది. చాలాసేపు అలా చూసి నా వైపు తిరిగింది.

"నువ్వేటే, సెప్పలేదు?"

"సెప్పాను వదినా. ఆ పూటే సెప్పాను."

"నువ్వు అన్నిటికీ సెప్తావు. అందులో ఏది నిజమో నాకెలగ తెలుస్తాది?"

ఇది నేను చచ్చేదాకా నాలో ఉంటుంది. జీవితంలో నేను భయపడినవాటిలో ఎన్నో జరగలేదు, ఒప్పుకుంటాను. జరిగిన ఒక్కటి కూడా ఆ జరగనివాటితో పాటు కొట్టుకుపోయింది. రీలు డబ్బాలో వేస్తూ ఆమే మళ్లీ అంది, రీలు అప్పుడే పసుపో, డబ్బాలో పడి ఉండి ఇప్పుడు పసుపెక్కిందో ఎవరికి తెలుసు అని. కొత్త కన్ను ఇలా అంటోంది, పాత కన్ను అలా అంది.

మర్నాటి నుంచి జంట ముక్కలు కుట్టడం మొదలుపెట్టింది. మీలో కొందరు వాటిని చూశారు గానీ అవి ఏమిటో అడగలేదు. ఒక వస్తువు ముందు పెట్టుకునేది. కుడి కంటికి లైనింగ్ గుడ్డ కట్టుకుని ఎడమ కంటితో, అంటే ఆపరేషన్ కాని పాత కంటితో దాన్ని చూసేది. అలా కనిపించిన రంగుని మనసులో పెట్టుకుని, గుడ్డ విప్పి, కొత్త కంటితో ఆ రంగు రీలు వెతికి కుట్టేది. అది ఎడమ ముక్క. తర్వాత కొత్త కంటితోనే చూసి, అదే వస్తువుని మళ్లీ కుట్టేది. అది కుడి ముక్క. రెండిటినీ తాడు మీద పక్కపక్కన క్లిప్పు పెట్టేది. వంకాయని అలా కుట్టింది. తుప్పు పట్టిన గూడ్స్ పెట్టెని కుట్టింది. మా ఆయన తెల్ల చొక్కా జేబుని కుట్టింది. నేను తెచ్చిన నందివర్ధనం పువ్వుని కుట్టింది, అన్నిటికన్నా శ్రద్ధగా. ఎడమవన్నీ టీ నీళ్లలో ముంచి తీసినట్టు ఉండేవి. కుడివన్నీ ఇప్పుడే ఉతికి ఆరేసినట్టు ఉండేవి.

పాత కన్ను తెలుపుని పసుపుగా చూసిందని కళ్లెదుట కనిపిస్తోంది కదా. ఇప్పుడైనా ఒప్పుకుంటుందని అడిగాను. తెల్ల చీర సంగతి అని పైకి అనలేదు, అయినా ఆమెకి అర్థమైంది.

"ఒక కన్ను సాచ్చికం మీద ఇంకో కన్నుని తప్పు పట్టకూడదే మరదలా," అంది. "రెండోది కూడా బాగవనీ. అప్పుడు ఈ తాడు ముందు ఇద్దరం కూకుందాం. నీది నిజమైతే నీది నిజం అంతాను. నా నోటితో అంతాను."

ఆ మాట పట్టుకుని నేను రెండో కన్ను కోసం ఎదురుచూశాను. ఒకసారి షుగరు ఎక్కువుందని వాయిదా వేశారు. తగ్గాక ఇంకో తేదీ ఇచ్చారు. ఆసుపత్రికి కట్టుకోవడానికి చీర కూడా మడత పెట్టి ఉంచింది. ఆ చీరే ఆఖరికి కట్టాం. పెట్టెలో పడుకోబెట్టాక నేను రెండు నందివర్ధనాలు తడిపి ఆమె రెప్పల మీద పెట్టాను. వద్దనడానికి ఆమె లేదు. గెలిచినట్టు అనిపించలేదు నాకు.

అసలు నేను రాయాలనుకున్నది ఇక్కడి నుంచి. ఆదరణ కూడిక అయ్యి భోజనాలు పూర్తయ్యాక, మా వదిన కోడలు తాడు మీది ముక్కలన్నీ తీసి చాప మీద పరిచింది. అత్తయ్య గుర్తుగా తలా ఒకటి తీసుకోండని చెప్పింది. మంచి మనసుతోనే చేసింది, ఆ పిల్లని నేను తప్పు పట్టను. మీరంతా వంగి తీసుకున్నారు. కళ్ల నీళ్లు తుడుచుకుంటూనే తీసుకున్నారు, చూసి చూసి బాగున్నవి తీసుకున్నారు. మెరిసే వంకాయ ఒకరికి, తెల్ల జేబు ఒకరికి, తెల్ల నందివర్ధనం సీతమ్మధార అమ్మాయికి. విడదీయకండి, అవి జంటలు అని నేను చెప్పాను. చిన్నత్తయ్యా మీరు కంగారు పడకండి, అందరికీ వస్తాయి అని కోడలు నాకు మంచినీళ్లు ఇచ్చింది. నేను చెప్పింది మళ్లీ ఆ పాత పేరులోనే పడిపోయింది.

టీ రంగువి ఎవరూ తీసుకోలేదు. ఎవరు తీసుకుంటారు, మాసిపోయినట్టున్న ముక్కల్ని? ఊడ్చి బియ్యం సంచిలో వేశారు. రెండు రోజుల తర్వాత వెళ్తే మిషన్ నూనె తుడవడానికి ఒకటి, పొయ్యి గట్టు మీద ఒకటి కనిపించాయి. నందివర్ధనం వేడి టీ గిన్నె కింద ఉంది. గిన్నె మరక ముక్క అంచు దాకా వచ్చి ఆగింది, పువ్వు మీదికి రాలేదు. అన్నీ ఏరుకుని ఇంటికి తెచ్చి సబ్బు పెట్టకుండా ఉత్త నీళ్లలో జాడించాను.

జాడించి మంచం మీద పరుచుకుని చూస్తే నా ధైర్యం పోయింది. వాటిని విడిగా చూస్తే ఏమీ తెలియడం లేదు. కాసేపు చూసేసరికి ఆ పువ్వు తెల్లగానే ఉన్నట్టుంది. ఆ జేబు తెల్లగానే ఉన్నట్టుంది. ఏమో, వదినే నిజమేమో, నేనే అనుమానపు మనిషినేమో అనిపించింది. పక్కనున్నదాన్ని బట్టి దాని బతుకు అని ఆమె ఎందుకందో నాకు ఇన్నేళ్లకి మంచం మీద అర్థమైంది. పక్కన జంట లేకపోతే ఆమె పాత కన్ను ఏం చూసిందో ఈ లోకంలో ఎవరికీ తెలియదు. నేనన్నది నిజమని చెప్పడానికి ఆమె నోరు లేదు. ఆ జంటలే ఆమె నోరు.

పోయిన వారం సీతమ్మధార వెళ్లాను. అమ్మాయీ, నువ్వు కుర్చీ వేశావు, కూల్‌డ్రింకు తెప్పించావు, నా పాదాలకి దండం పెట్టావు. పువ్వుని అద్దాల ఫ్రేములో పెట్టించి పసుపు దీపాల కింద తగిలించావు. ఆ దీపాల కింద అది తెలుపూ కాదు, ఏదీ కాదు. ఒక్క రోజుకి ఇవ్వమని అడిగాను. టీచరమ్మ గుర్తు కదా చిన్నమ్మా, ఫ్రేము ఊడదీస్తే పాడవుతుంది కదా, చూద్దాంలే అన్నావు. నీది ప్రేమే. ఆ ప్రేమ నా నోట్లో మాత్ర కరిగినట్టు చేదుగా కరిగింది. నీకు వినిపించేలా చెప్పలేకపోయాను, అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆ పువ్వు ఒక్కటి లేకపోతే మిగతావన్నీ వచ్చినా నాకు ప్రయోజనం లేదు. తెల్ల పువ్వుల తెలుపు మీదే కదా మా ఇద్దరి పేచీ.

ముందు గదిని ఆమె కొడుకు సెల్‌ఫోన్ కవర్లు అమ్మేవాళ్లకి అద్దెకిచ్చాడు. వాళ్లు వచ్చే నెలలో దిగుతారు. గోడకి ఏదో నారింజ రంగు వేయిస్తారట. మేకులు పీకేస్తారు. అతన్ని అడిగాను, నెలాఖరు దాకా తాడు ఉండనివ్వమని. ఉంచుకో అత్తా, దానికేటి అన్నాడు. అందుకని నేను తాడు మళ్లీ కట్టాను. నా దగ్గరున్న టీ రంగు ముక్కల్ని వరసగా క్లిప్పు పెట్టాను. ఒక్కొక్క దాని పక్కన ఒక ఖాళీ క్లిప్పు వదిలాను. గూడ్స్ బండి వచ్చినప్పుడు ముక్కలున్న క్లిప్పులు కదలవు, ఖాళీవి తాడు మీద గిలగిల కొట్టుకుంటాయి. నిన్న కూర్చుని బండి పోయేదాకా చూశాను.

ఎవరి ముక్క వాళ్లు తీసుకురండి. ఆ పూట చూసుకుని సాయంత్రానికి తిరిగి తీసుకెళ్లిపోండి, నేను దాచుకోను. కొత్త కన్నూ పాత కన్నూ పక్కపక్కన ఉంటే మీరే చూసి చెప్పండి, నేను నోరెత్తను. నేనన్నది తప్పైతే తప్పని నా మొహం మీదే చెప్పండి, ఊరుకోకండి. పులిహోర, బంగాళాదుంప వేపుడు చేస్తాను, షుగరున్న వాళ్లకి చపాతీలు విడిగా చేస్తాను. వానగా ఉంటే ముక్కని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి. గేటు పడి ఉంటే కింద నుంచి దూరకండి, బండి పోనివ్వండి. సీతమ్మధార అమ్మాయీ, ఫ్రేముతో సహా తీసుకురా, ఊడదీయక్కర్లేదు, తాడు నేను గట్టిగానే కట్టాను. ఈ నెల ఆఖరి ఆదివారం, ఆరాధన అయ్యాక, ఎండ ఇంకా తెల్లగా ఉన్నప్పుడే.